మా అమ్మ రాసిన ఒక్క పేరు

సాయంత్రం బడి మొదలైన రోజు మా ఊరు మొత్తం మీద వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు గాసి తాత. ఆయన చదువుకోడానికి రాలేదు, బడి అరుగు మీద సోలార్ లైటు వెలుగుతుందని వచ్చాడు. రెండో మనిషి మా అమ్మ.

కాఫీ పళ్ళు ఎర్రబడుతున్న రోజులవి. అరకు కొండల్లో ఆ కాలంలో ఎవరికీ ఊపిరి సలపదు. మంచు విడకముందే తోటకి పోవాలి, కోసిన పళ్ళకి ఆ పూటే తొక్క తీయాలి, ఎండిన గింజని పరదాల మీంచి ఎత్తాలి. సరిగ్గా అప్పుడే పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పించాలని పైనుంచి హుకుం వచ్చింది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న గుంటని ఊళ్ళో నేనొక్కదాన్నే. అందుకని వలంటీరుని నేనే అయ్యాను. జీతం లేదు గానీ టోపీ ఇచ్చారు.

"ఏటే నిర్మలా, టోపీ ఎట్టుకుంటే సదువొచ్చెత్తాదేటి మాకు?" అని దారిలో ఆడవాళ్ళు నవ్విపోయారు. ఆ టోపీ మళ్ళీ పెట్టలేదు నేను.

అమ్మ తోటలోంచి నేరుగా వచ్చింది. నడుముకి కట్టిన బుట్ట కూడా విప్పలేదు. వేళ్ళకి కాఫీ పళ్ళ జిగురు నల్లగా అంటుకుని ఉంది. పలక మీద 'అ' రాసి చేతికిచ్చాను. ఒకసారి చూసి పక్కన పెట్టేసింది.

"ఇది కాదు. ధర్మ పేరు రాయడం సెప్పు."

ధర్మ మా తమ్ముడు. ఆ వానాకాలంలోనే పోయాడు. హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాడు. జ్వరం వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కబురంది మేము జీపెక్కి ఘాట్ రోడ్డు దిగేసరికే అంతా అయిపోయింది. ఎవరినైనా తిట్టుకుందామన్నా లేదు. వాడి గదిలో చాలామందికి జ్వరాలొచ్చాయి. మిగతావాళ్ళకి తగ్గాయి.

తర్వాత వాడి సామాను తెచ్చుకోడానికి అమ్మా నేనూ వెళ్ళాం. నేను ఆఫీసు గదిలో సంతకం పెడుతుంటే అమ్మ ఒక్కతే పడుకునే గదిలోకి వెళ్ళింది. అక్కడ గోడ పొడవునా ట్రంకు పెట్టెలు. అన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు. ముందు వైపు తెల్ల పెయింటుతో పేర్లు.

"పేరు రాసుంది కదమ్మా, చూసి తీసుకో" అన్నాడట వాచ్‌మన్. ఆయన వెటకారంగా అనలేదు. వాడుకగా అన్నాడు.

నేను వెళ్ళేసరికి అమ్మ ఆ పెట్టెల మధ్య నేల మీద కూర్చుని ఉంది. ఒక్కో పెట్టె మూత ఎత్తి, లోపల బట్టలకి ముక్కు ఆనించి వాసన చూస్తోంది. ధర్మ పెట్టె ఆమె వెనకాలే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద పెట్టమన్నా పెట్టలేదు. మా ఊరి మలుపు దగ్గర మాత్రం ఒక్క మాట అంది. "నా కొడుకు పెట్టేదో నాకు తెల్దు."

అదంతా తెలిసీ, పంతులమ్మనయ్యాను కదా, పద్ధతి చెప్పబోయాను. "ముందు అ ఆలు రావాలమ్మా. అవి రాకుండా ధ ఎలాగొస్తాది?"

"అరకు సంతకి ఎల్లాలంటే అన్ని ఊళ్ళూ తిరిగెల్తామేటి? తిన్నగా ఎల్లమా? సెప్పు బేగి."

చెప్పాను. ఏం చేస్తాను?

ఆ లైటు కింద మా అమ్మ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. జీవితమంతా కత్తి, పార పట్టిన చెయ్యి బలపం పట్టుకుంటే పుటుక్కున విరిగిపోయేది. ధ అడుగున ఒత్తు గీత పెట్టడం మరిచిపోయేది. ర కింద మకారం వేలాడదీయడం దగ్గర మరీ చిరాకు పడేది. "ఈ కిందది లేకపోతే ఆడు ఆడు కాడేటి?" అని నన్ను గదమాయించేది. కాడమ్మా, వేరే మాటయిపోతాది అంటే మళ్ళీ దిద్దేది. ఇంటికెళ్ళాక పొయ్యి ముందు బూడిదలో దిద్దేది. పెట్టె మీది అక్షరాల మీద వేలు పెట్టి తిప్పుకునేది. మా అన్న భార్య సోని వదిన పిలిచినా పలికేది కాదు.

గాసి తాత అరుగు చివర చుట్ట కాల్చుకుంటూ ఇదంతా వినేవాడు. ఆయన మా ఊరి దిశారి. పండగకి రోజు చూసి చెప్పేది ఆయనే, పుట్టుకకీ చావుకీ దగ్గరుండేదీ ఆయనే. కళ్ళకి శుక్లాలొచ్చి మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడతాడు.

"తాతా, ఊరికే కూర్చునే బదులు నువ్వూ నేర్చుకోవచ్చు కదా" అన్నాను ఒకరోజు.

"నాకెందుకే? మా తాతకి తాత ఉన్నప్పుడే ఓ పాదిరీ దొర వొచ్చి బడెట్టినాడు. గుర్రమెక్కి వొచ్చినాడట. పనస సెట్టు కింద గుంటల్ని కూకోబెట్టి, బెల్లం ముక్కెట్టి, పలకల మీద ఆళ్ళ పేర్లు రాయించేవోడు. పొద్దోతే ఆ పలకలన్నీ పెట్టెలో ఎట్టి తాళం ఏసేవోడు."

"మంచి పనే కదా. పగిలిపోకుండా దాచాడు."

"ఆ ఏడే అమ్మోరు వొచ్చింది. బడికెల్లిన గుంటలు సానామంది పోనారు. మనోళ్ళు తాళం బద్దలుగొట్టి పలకలన్నీ గెడ్డ నీళ్ళలో పారేసినారు. దొర ఎల్లిపోనాడు. మరి కొన్ని తరాలు బడి మాట ఎవులూ ఎత్తనేదు."

నాకు ఒళ్ళు మండింది. మా కొండల్లో చదువు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందా అనుకునేదాన్ని, ఇదన్నమాట సంగతి. "మశూచి వస్తే పలకలేం చేస్తాయి తాతా? టీకాల్లేక పోయారు వాళ్ళు."

"టీకా సంగతి నాకు తెల్దు. పేరు తాళంలో ఉండిపోతే మనిసి తిరిగెలాగొత్తాడు? నాను అడిగేది అదీ."

నేను నవ్వేశాను. అమ్మ వినలేదు, ర కింద మకారంతో కుస్తీ పడుతోంది.

తిరిగి రావడమంటే ఏమిటో చెప్పాలి. మావాళ్ళలో పోయినవాళ్ళు మళ్ళీ ఆ ఇంట్లోనే పుడతారు. బిడ్డకి బొడ్డు ఊడాక దిశారి గిన్నెలో నీళ్ళు పోసి ఒక వడ్లగింజ వదులుతాడు. అది బిడ్డ. తర్వాత ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ పేరుకో గింజ వేస్తాడు. ఏ పేరు దగ్గర రెండు గింజలూ కలుసుకుంటాయో ఆ మనిషి వచ్చినట్టు. బిడ్డకి ఆ పేరే. నేను జువాలజీ చదివాను. పరీక్షలో పిండం ఎదుగుదల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ధర్మ పోయిన వారంలోనే సోని వదినకి కడుపులో బిడ్డ మొదటిసారి కదిలిందని తెలిసినప్పుడు, అందరితోపాటు నేనూ అమ్మ మొహం వైపే చూశాను. అప్పటినుంచి వదినకి ఇంట్లో బరువు పని చెప్పలేదు అమ్మ. కాఫీ తోటకి అసలే రానివ్వలేదు.

కొండ వరి ఇంటికొచ్చాక ధర్మకి రాయి నిలబెట్టాం. ఊరు దాటాక, వలిసె చేల పక్కన మా పెద్దల రాళ్ళన్నీ వరసగా ఉంటాయి. మనిషి నడుం ఎత్తున కొన్ని, మోకాలి ఎత్తున కొన్ని. ఒక్కదాని మీదా రాత ఉండదు. మా నాన్న సోంబరు రాయి కూడా అక్కడే ఉంది. ధర్మ రాయిని మా అన్న సురేంద్ర గెడ్డలోంచి మోయించుకొచ్చి నాన్న పక్కన పాతాడు. గాసి తాత కోడి కోసి, సారా పోసి, ఆ మర్నాడే చింతపల్లి వైపు కూతురి ఊరికి వెళ్ళాడు. మిరియాలు దింపే రోజుల్లో ఆయన అక్కడే ఉంటాడు.

ఒక సాయంత్రం అమ్మ బడికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే రాళ్ళ దగ్గర కనబడింది. ఒక చేతిలో పాత మేకు, ఇంకో చేతిలో అన్న సుత్తి.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"కనబడతలేదా? పేరు రాత్తన్నాను."

రాతి మీద ధ సగం తేలింది. గుమ్మడికాయంత ఉంది. నేను చెప్పిన కొలత కాదు అది, ఆవిడ సొంత కొలత.

"ఇన్ని రాళ్ళున్నాయి. రేపు నాను పోతే ఇది ఆడిదని ఎవులికి తెలుత్తాది? పెట్టెలకాడ అయినట్టే అవుద్ది."

పండిన పళ్ళు కొమ్మల మీద ఎండిపోతున్నా తోటలోంచి పెందలాడే వచ్చేసి చెక్కేది. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. సుత్తి దెబ్బ తప్పి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. అయినా మానలేదు. చివరికి ధ పెద్దదైపోయి, చోటు చాలక ర్మ ఒక మూలకి ఒదిగింది. అయిపోయిన రోజున నన్ను రాయి ముందు నిలబెట్టింది.

"సదువు."

"ధర్మ."

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను. అటుగా పోయేవాళ్ళని ఆపి చదివించింది. చదువు రానివాళ్ళకి తనే వేలు పెట్టి చదివి వినిపించింది. తమ్ముడు పోయాక అమ్మ నవ్వు అప్పుడే చూశాను. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. మా కొండల్లో ఎవరి తల్లి చేసింది ఇలాంటి పని? ఇంటికొచ్చి ఏడ్చాను కూడా, సంతోషానికి.

తనిఖీకి వచ్చిన సర్వేశ్వరరావు గారికి ఆ రాయి చూపించాను. చదువుల కార్యక్రమానికి మండలంలో పెద్ద ఆయనే. అమ్మని రాయి పక్కన నిలబెట్టి, నవ్వమని, చెంగు సర్దుకోమని చెప్పి ఫోన్లో ఫోటో తీశారు. సాయంత్రానికల్లా 'అక్షరమైన అమ్మ ప్రేమ' అని గ్రూపులో పెట్టారు. అందరూ దండాల బొమ్మలు పంపారు. అమ్మకి చూపిస్తే, "పేరు సరిగా పడనేదు, నా బుర్ర అడ్డొచ్చింది" అంది.

పుష్యంలో సోని వదిన మగబిడ్డని కంది. గుండ్రటి మొహం, నెత్తి నిండా జుట్టు. అమ్మ వాడిని చేతుల్లోకి తీసుకుని చెవులు చూసింది, కాలి వేళ్ళు చూసింది. ధర్మకి ఎడమ చెవి తమ్మె కొంచెం అతుక్కుని ఉండేది. ఈ బిడ్డకీ అలాగే ఉందని అమ్మ. లేదని నేను. ఉందనుకుంటే ఉంది.

గాసి తాతకి కబురు పెట్టాం. బొడ్డు ఊడిన మర్నాడు, ఎండెక్కాక, మా ఇంటి అరుగు మీద గిన్నె పెట్టాడు. ఇంటి చుట్టూ ఆడవాళ్ళు మూగారు. బిడ్డ గింజ నీళ్ళలో వదిలి, "ముందు ఎవుల్ని పిలమంటావే సోములమ్మా?" అని అమ్మని అడిగాడు.

"ధర్మని పిలు తాతా."

పిలిచాడు. గింజ వేశాడు. అది బిడ్డ గింజ వైపు కదిలి, దగ్గరదాకా వచ్చి, పక్కకి తప్పుకుని గిన్నె అంచుకి పోయింది. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అంచుకే పోయింది. మూడోసారి వేసిన గింజ మునిగిపోయింది.

గింజ మునిగిందని అన్న తాతకి చెప్పాడు. సరాసరి ఇంకో పేరు పిలుస్తాడనుకున్నాం. గాసి తాత గిన్నె మీద చెయ్యి మూసి, "ఇయాల కాదు. ఆడికి రావాలనే ఉంది, రానేకపోతన్నాడు. రాయి కాడ ఏటైనా సేసినారా?" అన్నాడు.

అమ్మ అప్పటికే లేచి నిలబడింది.

ఆయన్ని చెయ్యి పట్టుకుని రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. నేను, అన్న వెనకాల నడిచాం. తాత ఒక్కో రాయినీ తడుముకుంటూ వెళ్ళి ధర్మ రాయి దగ్గర ఆగాడు. గాట్ల మీద వేళ్ళు పెట్టి మెల్లగా చివరిదాకా తిప్పాడు.

"ఇదేటి?"

"ఆడి పేరు తాతా. నానే రాసినాను."

"ఎందుకే అమ్మా?"

"మరిసిపోకండా."

"ఎవులు మరిసిపోతారు?"

తాత ఇంకోసారి తడిమాడు. "బాగా సెక్కినావు. లోతుగా పడింది. కానీ రాయి ఆడి ఇల్లు. బయటికి రాకుండా తలుపు మూసేసినావు."

నేను ఆగలేకపోయాను. "గాలికి పోయింది తాతా ఆ గింజ! గింజకి చదువొచ్చా? రాతి మీదేం రాశామో దానికెలా తెలుస్తుంది? ఈవిడ చలిలో చేతులు పగిలేలా రాసుకుంది, నువ్వొచ్చి..."

"నువ్వూరుకో నిర్మలా" అంది అమ్మ.

తాత మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ ఆయన మొహంలో గెలిచిన కళ లేదు. ఆయనా ధర్మని ఎత్తుకు తిరిగినవాడే.

ఇంటికొచ్చాక అడిగాను. "నిజంగా నమ్ముతున్నావా అమ్మా? ఆ గీతల వల్ల వాడు రాలేకపోతున్నాడని?"

"నాకు తెల్దు."

"మరి?"

"నిజవైతేనో?" అంది.



మర్నాటినుంచి అమ్మ గెడ్డలోంచి గరుకు రాయి ఒకటి తెచ్చుకుని, ఇసుకా నీళ్ళూ పోసుకుంటూ పేరు అరగదీయడం మొదలుపెట్టింది. కాఫీ ఆఖరి కోత నడుస్తోంది, తోట అన్నా నేనూ చూసుకున్నాం. సాయం చేస్తానని వెళితే రానివ్వలేదు. "నాను రాసింది నానే తీత్తాను" అంది. అరచేతులు కమిలి చర్మం లేచిపోయింది. పసుపు రాసుకుని మళ్ళీ వెళ్ళేది. మరీ అంత లోతుగా చెక్కినందుకు తనని తానే తిట్టుకునేది.

ఒకరోజు అంబలి పట్టుకెళ్ళాను. ధ పూర్తిగా పోయింది. మూలనున్న ర్మ మాత్రం మిగిలింది. అమ్మ చెయ్యి ఆపి నన్ను చూసింది.

"సదువు."

"ఇప్పుడది మాట కాదమ్మా."

సరే అన్నట్టు తలూపి అంబలి తాగింది. మూతి తుడుచుకుని మళ్ళీ గరుకు రాయి అందుకుంది. నేను అక్కడ ఉండలేక వచ్చేశాను.

రాయి మీద వేలికి ఏమీ తగలడం లేదని గాసి తాత తడిమి చెప్పాక, మళ్ళీ గిన్నె పెట్టారు. అమ్మ ఆ పూట తలంటుకుని ఉతికిన చీర కట్టుకుంది. తాత మొదట ధర్మనే పిలిచాడు. గింజ ఈసారి అంచుకి పోలేదు, మునిగిపోలేదు. ఉన్నచోటే ఉండిపోయింది. మేమంతా గిన్నె మీదికి వంగి చూశాం. ఇంకోసారి పిలిచాడు. కదల్లేదు.

తర్వాత, "సోంబరూ" అని మా నాన్నని పిలిచాడు. గింజ వెయ్యడమే ఆలస్యం, సూటిగా వెళ్ళి బిడ్డ గింజని అంటుకుంది.

ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. మా అన్న కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న పోయినప్పుడు వాడు చిన్నవాడు. అమ్మ కూడా నవ్వింది. బిడ్డని ఎత్తుకుని, "వొచ్చినావా? నన్నొగ్గేసి ఎల్లిపోయి, ఇప్పుడా రావడం? ఉండు నీ పని సెప్తాను" అని ముద్దు చేసింది. ఆవిడ ఎంత బాగా నవ్విందంటే సోని వదినకి కూడా అనుమానం రాలేదు.

అందరూ వెళ్ళిపోయాక, గాసి తాత గిన్నెలో నీళ్ళు జామ చెట్టు మొదట్లో పోస్తుంటే, పక్కన నిలబడి అడిగింది.

"మరి ఆడో తాతా?"

తాత గిన్నె దులిపి బోర్లించాడు. "తోవలో ఉంటాడే. సదువుకున్నోడు కదా, మనకంటే దూరం ఎల్లుంటాడు. బేగి రాడు."

ఓదార్పుకే అన్నాడో, నిజంగానే అనుకున్నాడో నాకు తెలియదు. అమ్మ మాత్రం తలూపింది.

ఆ తర్వాత అమ్మ బడికి రాలేదు. నేనూ రమ్మనలేదు. ధర్మ పెట్టెలో ఇప్పుడు పసివాడి బట్టలు పెడుతున్నారు. పేరున్న వైపు గోడకి ఉండేలా అమ్మ పెట్టెని తిప్పి పెట్టింది. మూత తీయాలంటే ప్రతిసారీ జరపాలి, వదిన విసుక్కుంటుంది, అమ్మ మళ్ళీ అలాగే తిప్పుతుంది.

కాఫీ మూటలు కట్టేస్తున్న రోజుల్లో సర్వేశ్వరరావు గారు ఫోన్ చేశారు. ఫోటో చూసి జిల్లా నుంచి పెద్దవాళ్ళు వస్తారట. పేరు పోయిందని చెబితే, "దానిదేముందమ్మా, పెయింటుతో రాయించేద్దాం" అన్నారు. అది మనం నిర్ణయించేది కాదండీ అని పెట్టేశాను. అయినా అమ్మకి ఆ మాట చెప్పాను. మనసులో ఏ మూలో, పోనీ రాయమంటుందేమోనన్న ఆశ. ఆవిడకి రాయడం వచ్చిన ఒక్క మాటా పోయిందే అన్న బాధ నాది.

"వొద్దు" అంది. "తోవలో ఉన్నోడిని పట్టేసుకోకూడదు."

మాఘం వెళ్ళేముందు ఒక పొద్దున్న ఇద్దరం రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. వరసలో రాళ్ళన్నీ బూజు రంగులో, పాచిపట్టి, ఏది ఎవరిదో పోల్చుకోలేనట్టు ఉన్నాయి. అమ్మ ఎక్కడా ఆగలేదు. తిన్నగా వెళ్ళి ఒకదాని మీద అరచెయ్యి పెట్టింది. నేను కూడా పెట్టి చూశాను. అమ్మ అరగదీసిన చోట రాయి మా ఇంటి సన్నికల్లులా నున్నగా, చల్లగా ఉంది. మిగతా ఏ రాయికీ అలాంటి చోటు లేదు.

"ఇదే" అంది అమ్మ. "ఇది నా కొడుకుది. నాకు తెలుత్తంది."